గద్దల మీద మూడు నిమిషాలు

జూన్ 30, సోమవారం

ఎంపికయ్యాను. పూర్తిగా కాదు. ఒక ఉపన్యాసం చెప్పాలి, మూడు నిమిషాలు. అది బాగా వస్తే ఉద్యోగం.

ఏజెన్సీ ఆఫీసు శంషాబాద్ బస్టాండు దగ్గర, సెల్‌ఫోన్ల దుకాణం పైన. ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ఊళ్లలో తిరిగి ప్రచారం చేయడానికి డిగ్రీ చదివిన స్థానిక అమ్మాయిలు కావాలట ఆ ఏజెన్సీకి. ఏడాది చేస్తే లోపల, టెర్మినల్లో, ఏదో ఒక పనికి పేరు పంపుతారట. ఆ 'లోపల' అన్న మాట దగ్గరే నేను తలూపేశాను. తర్వాత చెప్పినవన్నీ ఊపిన తలతోనే విన్నాను.

అనుపమ మేడం విజయవాడ వైపు మనిషి. మాటలు ఇస్త్రీ చేసినట్టు ఉంటాయి. ఒక పేపర్ కటింగ్ నా ముందు పెట్టింది. పైకి లేచిన విమానం ఇంజిన్‌లో గద్ద పడింది, పైలట్ వెనక్కి తిప్పి దించాడు, ఎవరికీ ఏమీ కాలేదు. చివర చిన్న పేరా ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో మాంసం దుకాణాలవాళ్లు చెత్త ఆరుబయట పారబోస్తున్నారు, అందుకే గద్దలు పెరిగాయి అని. ఈ వార్త మీదే మాట్లాడాలి.

ఎక్కడ మాట్లాడాలని అడిగాను.

"మీ తొండుపల్లిలోనేనండీ. మీ వాళ్లకి మీరు చెబితేనే వింటారు. వచ్చే మంగళవారం."

మంగళవారం మా ఊళ్లో చాలామంది ముక్క ముట్టరు. దుకాణాలకు గిరాకీ ఉండదు, అందరూ ఖాళీయే. ఈ సంగతి మేడంకి ఎవరు చెప్పారో.

మీ నాన్నగారు ఏం చేస్తారంది. బిజినెస్ అన్నాను. చౌరస్తాలో కోళ్లు కోసి అమ్మడం బిజినెస్ కాదా ఏంటి.

జూలై 1, మంగళవారం

ఇంట్లో చెప్పాను. ఉద్యోగం సంగతి, మైకు సంగతి, మూడు నిమిషాల సంగతి. దేని మీదో చెప్పలేదు. బాపు అడగలేదు కూడా. ఎయిర్‌పోర్టు అన్న మాట విని ఆగిపోయాడు. అన్నం కలుపుతున్న చెయ్యి అలాగే పెట్టుకుని అమ్మను చూశాడు, చూసినవా అన్నట్టు.

సాయంత్రానికి చౌరస్తా అంతా తెలిసిపోయింది. పక్కన మటన్ దుకాణం కుర్మయ్య కాకకు బాపు చెప్తుంటే నేనే విన్నాను. "మా క్యాతి మైకుల మాట్లాడుతది. నువ్వు ముందట కూసోవాలె కుర్మయ్యా, గట్ల ఎనక నిలబడుడు గాదు."

రేపు చెప్తాను.

జూలై 2, బుధవారం

చెప్పలేదు. వాన.

జూలై 3, గురువారం

మాధవీలత వచ్చింది. డిగ్రీలో నా బెంచీ. తనూ ఎంపికైంది, తన ఉపన్యాసం వాళ్ల సాతంరాయిలోనే, నా తర్వాత వారం. వార్త ఒకటే, ఊరే వేరు.

డాబా మీద ప్రాక్టీసు చేశాం. రెండు వాక్యాలు చెప్పేసరికి ఒక విమానం, ఆగడం, మళ్లీ రెండు వాక్యాలు. చిన్నప్పటి నుంచీ మా మాటల్లో ఈ ఆగడాలు ఉన్నాయి. షాద్‌నగర్‌లో అమ్మమ్మ ఇంటికి పోతే అక్కడివాళ్లు ఆగకుండా మాట్లాడేస్తుంటే నాకు ఊపిరాడదు.

నేను రాసుకున్నది చదివాను. "కొందరు బాధ్యతలేని వ్యాపారుల నిర్లక్ష్యం వందలాది ప్రయాణికుల ప్రాణాలకు ముప్పుగా మారుతోంది." ఈ వాక్యం బాగా వచ్చింది. చదువుతుంటే నాకే వీపు నిటారుగా అవుతోంది.

మాధవి పల్లీలు నములుతూ వింది. "కొందరంటే ఎంతమందే? మీ ఊళ్ల ఉన్నయే రెండు దుకాణాలు."

ఇది సాధారణంగా చెప్పే మాట అన్నాను. ఎవరి పేరూ లేదన్నాను.

"పేరెందుకు, ముందట కూసోబెడుతుంటే," అంది.

అది ఎప్పుడూ అంతే, ఏదో ఒకటి అనాలి.

ఎవరి పేరూ లేదు. రెండుసార్లు చూసుకున్నాను.

జూలై 4, శుక్రవారం

పొద్దున డాబా మీద బట్టలు ఆరేస్తుంటే బాపు బండి కనిపించింది. వెనక రెండు సంచులు, తాడుతో కట్టి. క్వారీ గుంత వైపు పోతున్నాడు. ఆ సంచుల్లో ఏముంటుందో రాయక్కర్లేదు, ఈకలు, పేగులు, తలలు. బండి గుంత దాకా చేరకముందే గద్దలు వచ్చేశాయి. ఆయన బండి చప్పుడు వాటికి తెలుసు. కుర్మయ్య కాక బండికి రావు, బాపు బండికే వస్తాయి. బాపు సంచి దులిపి, తలెత్తి కాసేపు వాటిని చూశాడు. కోళ్ల వైపు ఎప్పుడూ అలా చూడడు.

మొదట్లో మున్సిపాలిటీ కాంట్రాక్టర్ నీలం వ్యాన్ వచ్చేది. రోజూ మధ్యాహ్నం దుకాణాల ముందు ఆగి, చెత్త ఎత్తుకుపోయేది. క్రిస్మస్ తర్వాత రెండు రోజులకోసారి అయింది, ఈస్టర్ తర్వాత అదీ లేదు. ఆ కాంట్రాక్టర్‌కు బాపు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. మొదట రేపు అనేవాడు, తర్వాత ఎత్తడం మానేశాడు. కోసిన కోడి మిగిల్చినదాన్ని దుకాణంలో దాచిపెట్టుకోలేం కదా, ఈ ఎండకు, ఈ వానకు.

వ్యాన్ సంగతి కూడా ఉపన్యాసంలో పెట్టవచ్చా అని మేడంకి ఫోన్ చేశాను. "అది వేరే విషయమండీ. మూడు నిమిషాల్లో ఒక్క విషయమే చెప్పాలి, రెండు చెబితే ఏదీ గుర్తుండదు."

అదీ నిజమే. ఉపన్యాసానికి అదొక సూత్రం. నేనే తొందరపడ్డాను.

'బాధ్యతలేని' తీసేశాను. 'కొందరు వ్యాపారులు' ఉంచాను. వాక్యం కాస్త పలచబడింది.

జూలై 6, ఆదివారం

ఇది రాయకుండా ఉంటే బాగుండును.

మందిరంలో సాక్ష్యాల సమయం. ఎవరికి ఏం మేలు జరిగిందో లేచి చెప్తారు కదా, ఎప్పటిలాగే ఒక పెద్దమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిన సంగతి చెప్పబోయి కోడలి వంట దగ్గరికి పోయింది. పాస్టరు గారు ఆపారు. సాక్ష్యంలో పక్కమనిషి సంగతి చెప్పొద్దమ్మా, నీ ఇంటి సంగతే చెప్పాలి, నీ తప్పైనా నీ మేలైనా అన్నారు. నెలకు రెండుసార్లైనా చెప్తారు ఈ మాట. నేను సండే స్కూల్లో సాక్ష్యం చెప్పడం నేర్చుకున్నప్పుడు కూడా మొదట నేర్పింది అదే. నేను బాగా చెప్పేదాన్ని. అందరూ ఏడ్చేవాళ్లు.

అప్పుడు బాపు లేచాడు. ఆయన ఎప్పుడూ లేవడు. మంగళవారం నా బిడ్డ మాట్లాడుతున్నది, ఆమె నోటికి తోడుండమని ప్రార్థన చెయ్యమని అడిగాడు. అంతే చెప్పి కూర్చున్నాడు. అందరూ కళ్లు మూసుకుని నా ఉపన్యాసం కోసం ప్రార్థన చేశారు. నేను కళ్లు తెరిచే ఉన్నాను. బాపు చెవుల వెనక వెంట్రుకలు ఎంత తెల్లబడ్డాయో చూశాను.

ఆరాధన అయ్యాక అందరూ దుకాణం మీద పడ్డారు. నేనూ గల్లా దగ్గర నిలబడ్డాను. మున్సిపల్ ఆఫీసోళ్లు దుకాణాలు మూయిస్తారని ఎవరో అంటే, కుర్మయ్య కాక కత్తి ఆపకుండానే, బోనాలు ముందట పెట్టుకొని ఎవడు మూపిస్తడు అన్నాడు. బోనాల కోసం పొట్టేళ్లు తెచ్చి ఇంటి ముందు కట్టేశాడట. ఆ నెల ఆదాయంతోనే ఆయనకు సంవత్సరం గడుస్తుంది. బాపుకూ అంతే.

నాకు ఈ ఉద్యోగం అంత అవసరమేమీ లేదు. ఊరికే చూద్దామని.

జూలై 7, సోమవారం

బాపు తెల్లచొక్కా ఇస్త్రీకి ఇచ్చాడు. తెచ్చుకున్నాడు. మేకుకు తగిలించాడు.

చెప్పడానికి దుకాణం దాకా వెళ్లాను. కోడిని కోస్తున్నాడు. చేతులు కడుక్కున్నాక చెప్దామని నిలబడ్డాను. కడుక్కోగానే ఇంకో గిరాకీ వచ్చింది. పావుకిలో కార్జం కోసం వచ్చిన మనిషి ముందు ఎలా చెప్పను.

ఇంటికి వచ్చాక అమ్మ బియ్యం ఏరుతూ, తలెత్తకుండా అంది. "బాత్రూంల నువ్వు చదువుకునేది నాకు ఇనబడుతది క్యాతి. నాకేం అర్థంగాలే అనుకోకు. బాపు ముందట కూసుంటడు. గది యాద్ పెట్టుకో."

అది ఉపన్యాసం మాత్రమే అన్నాను. ఎవరి పేరూ లేదన్నాను.

అమ్మ ఒక రాయి ఏరి బయటికి విసిరింది.

జూలై 8, మంగళవారం

బడి రేకుల షెడ్డు. కుర్చీలు మా మందిరం నుంచే తెచ్చారు, వెనక తెల్ల పెయింటుతో సిలువ వేసిన ఎర్ర కుర్చీలు. ముందు వరసలో బాపు, తెల్లచొక్కా పై గుండీ కూడా పెట్టుకుని. పక్కన కుర్మయ్య కాక. ఆ పక్కన మున్సిపల్ ఆఫీసు నుంచి వచ్చిన సారు. అమ్మ వెనక గోడకు ఆనుకుని నిలబడింది. మాధవి ఫోన్ పట్టుకుని వీడియోకు సిద్ధంగా ఉంది.

కాగితం చేతిలోనే ఉంది. మొదటి వాక్యం 'గౌరవనీయులైన పెద్దలందరికీ నమస్కారం'. మైకు పట్టుకుని తలెత్తాను. ఆ కుర్చీలు, ఆ మొహాలు, ఆ గోడ దగ్గర అమ్మ. నోరు దాని దారిన అది పోయింది.

"ప్రభువు నామంలో అందరికి వందనాలు."

"వందనాలు," అంది సగం షెడ్డు, అలవాటుకొద్దీ. కుర్మయ్య కాక కూడా అన్నాడు, మల్లన్న భక్తుడు, రెండు చేతులూ ఎత్తి మరీ అన్నాడు. నవ్వులు. సారు మైకు పక్కన ఉన్న మేడం వైపు చూశాడు.

నేనూ నవ్వేసి, క్షమించండి అని కాగితంలోకి పోవచ్చు. ఎవరైనా అదే చేస్తారు. కానీ వందనాల తర్వాత ఏం రావాలో నా నోటికి చిన్నప్పటి నుంచీ తెలుసు, ఇంకేదీ రాదు. కాగితం చూశాను. 'కొందరు వ్యాపారులు'. ఆ అక్షరాలు ఉన్నాయి, గొంతులోకి ఎక్కలేదు. ఎవరో దగ్గారు. బాపు నవ్వుతూ, చెప్పు అన్నట్టు గడ్డం ఎత్తాడు.

"మా ఇంట్ల సంగతి చెప్త," అన్నాను.

ఏం చెప్పానో వరసగా గుర్తు లేదు. గద్ద సంగతి చెప్పాను. విమానం వెనక్కి తిరిగినప్పుడు మా డాబా మీద నుంచి చూశానని, కిటికీల్లో మనుషులు కనబడేంత కిందికి వచ్చిందని చెప్పాను. అది అబద్ధం, ఆ రోజు నేను డాబా మీద లేను. సాక్ష్యంలో ఆ మాత్రం కలుస్తుంది. తర్వాతది మాత్రం ఏమీ కలపకుండా చెప్పాను.

"ఆ గద్దలు మా బాపు ఏసే సంచుల కోసమే వస్తయి. క్వారీ గుంతల ఏస్తున్నం. వ్యాన్ వస్తలేదు, ఫోన్ జేస్తే ఎత్తుతలేరు, అందుకని ఏస్తున్నం. వ్యాన్ సంగతి నాకు తెలుసు. తెలిసి గూడ, మా బాపు తప్పొక్కటే రాసుకొచ్చిన."

ఇంకా ఏదో చెప్పబోయాను, నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. కరెంటు పోయిందనుకున్నాను. మేడం పీకిన మైకు వైరు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

సారు బాపు వైపు తిరిగి, మీరేనా అని అడిగాడు.

బాపు లేచాడు. నా వైపు చూడలేదు. పై గుండీ తీసుకున్నాడు. "నేనే సార్. గుంత చూపెట్టాల్నా?"

ఇద్దరూ బాపు బండి మీదే వెళ్లారు. షెడ్డులోంచి చూస్తుంటే, బండి ఇంకా మలుపు తిరగకముందే పైన గద్దలు రావడం కనిపించింది.

కుర్మయ్య కాక నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. మెల్లగానే అన్నాడు. "మీ ఇంటి సంగతి చెప్త అని, మా ఇంటికి గూడ తాళం ఏపిచ్చినవ్ గద బిడ్డా."

జూలై 9, బుధవారం

బాపు నాకు వీపు పెట్టి అన్నం తిన్నాడు.

జూలై 10, గురువారం

దుకాణాలు రెండిటికీ సీలు వేశారు. చెత్త తీసుకుపోయే ఏర్పాటు అయ్యేదాకా తెరవొద్దట. ఏర్పాటు ఎవరు చేయాలి అని బాపు అడిగితే, మీరే చేసుకోవాలి అన్నారట. అంటే ఎప్పటికీ అని అర్థం. ఈ మాటలు కూడా బాపు నాకు చెప్పలేదు, అమ్మకు చెప్తుంటే తలుపు ఇవతల నుంచి విన్నాను.

మిగిలిన కోళ్లను గంపల్లో ఇంటికి తెచ్చాడు. పెరట్లో అరుస్తున్నాయి. కుర్మయ్య కాక పొట్టేళ్లు ఇంటి ముందు తింటూ ఉన్నాయట, బోనాలు వస్తున్నాయి, దుకాణం లేదు.

మాధవి వీడియో పంపింది. ఏం ధైర్యమే నీది అని రాసింది. మొత్తం చూడలేదు, సగంలో ఆపేశాను. ధైర్యమేం కాదు. నోటికి అలవాటైన దారి, అంతే. ఈ మాట దానికి రాయబోయి తుడిచేశాను. ధైర్యమనే అనుకోనీ.

పనేం లేదు. డాబా ఎక్కుతాను, దిగుతాను. అమ్మ మెట్లు అరిగిపోతాయంది.

జూలై 12, శనివారం

మేడం ఫోన్. తిట్టడానికే అనుకుని బయటికి పోయి ఎత్తాను.

"క్యాథరిన్ గారూ, మీ కంఠం చాలా బాగుందండీ. మనుషులు కదిలారు, అది నేను చూశాను. కాగితం దాటకుండా చదవగలిగితే ఇంకో అవకాశం ఇప్పిస్తాను. సోమవారం సాతంరాయి."

సాతంరాయి మాధవిది కదా అన్నాను. మాధవీలతకి గొంతు సరిపోవట్లేదండీ అంది. ఎప్పుడు చెప్తారంది. రేపు చెప్తానన్నాను.

నాకే వినిపించింది, ఆ 'రేపు' అనడం.

సరేనంటే లోపల. చల్లటి గాజు గోడలు, ఇస్త్రీ బట్టలు, ఈకల వాసన లేని జుట్టు. సాతంరాయిలో మా మందిరం కుర్చీలు ఉండవు. చదివేయగలను. అక్కడి దుకాణాలవాళ్లెవరో నాకు తెలియదు.

తెలుసు. ఒకాయన బాపు దగ్గరే పని నేర్చుకున్నాడు.

జూలై 13, ఆదివారం

మందిరానికి బాపు రాలేదు. వచ్చాక చూస్తే అరుగు మీద కూర్చుని కత్తులకు నూనె రాస్తున్నాడు. వాడని కత్తికి తుప్పు పడుతుంది. దారిన పోయేవాళ్లు చికెన్ ఉందా ఏలియా అని బాపును అలవాటుగా అడిగి, అడిగాక గుర్తొచ్చి నన్ను చూసి పోయారు.

నేను ఎదురుగా కూర్చున్నాను. ఏదన్నా అననీ అని. కత్తిని చూస్తూనే అన్నాడు.

"రేపు మున్సిపల్ ఆఫీసుకు పోతున్నం. నేను, కుర్మయ్య, సాతంరాయోళ్లు, అందరు దుకాణాలోళ్లం. వ్యాన్ ఎందుకు వస్తలేదో అడగాలె."

మంచిదే బాపు అన్నాను.

"మాట్లాడనీకె మాలో ఎవ్వరికి రాదు. సారు ఇంగ్లీషుల ఒక మాటంటే నోరు మూసుకొని వస్తం." కత్తి తుడిచి బట్టలో చుట్టాడు. "నువ్వు నన్ను పదిమందిల నిలబెట్టినవ్. ఇగ నువ్వే నిలబడు."

కోపమో, కాదో, ఆ గొంతులో నాకు అంతుపట్టలేదు. కోపమే. కానీ కోపమొక్కటే అయితే అడగడు.

మేడంకి ఇంకా చెప్పలేదు. రెండూ రేపు పొద్దునే.

జూలై 14, సోమవారం

మేడం పొద్దునే ఫోన్ చేసింది. కారు పంపిస్తున్నామంది. కారు అన్న మాట దగ్గర ఒక క్షణం ఆగాను, ఆగలేదని రాసుకోను. రావట్లేదని చెప్పాను. ఎందుకండీ అంది. మా నాన్నది చికెన్ దుకాణం, మున్సిపల్ ఆఫీసులో పని ఉంది, నేను వెళ్లాలి అన్నాను. సరేనండీ అంది, చాలా మర్యాదగా. ఇగ ఆ నంబరు నుంచి ఫోన్ రాదు. సాతంరాయి మాధవికే వస్తుందేమో. ఏం చదువుతుందో దాని ఇష్టం.

లోపలికి వచ్చి కాగితం, పెన్ను తీసుకున్నాను. ఏమని మొదలుపెట్టాలి. వ్యాన్ అడగాలా, సీలు తీయమనాలా, గుంతలో వేసింది తప్పేనని ముందే ఒప్పుకోవాలా. ఒప్పుకుంటే పట్టుకుంటారు, ఒప్పుకోకపోతే వినరు. నాలుగు వాక్యాలు రాసి నాలుగూ కొట్టేశాను.

బాపు బయట బండి తుడుస్తున్నాడు. తెల్లచొక్కా కాదు, రోజూ దుకాణంలో వేసుకునేదే వేసుకున్నాడు. కుర్మయ్య కాక గేటు దగ్గర ఉన్నాడు, నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు, పోలేదు. నేను గుమ్మంలోకి వెళ్లి, అక్కడ ఏం చెప్పమంటవ్ బాపు అని అడిగాను.

బాపు బండి మీద గుడ్డ ఆపి, వారం తర్వాత మొదటిసారి నా మొహం చూశాడు.

"మొన్న షెడ్డుల చెప్పెటప్పుడు నన్ను అడిగినవా?"

అని బండి స్టార్ట్ చేశాడు. వెనక సీటు ఖాళీగా ఉంది. వెళ్తున్నాను.